జామతోటలో జనాభా సున్నా

మా కాలనీకి అంగన్‌వాడీ కేంద్రం కావాలని అడగడానికి పోయిన నెల ఐదుగురం ఒక ఆఫీసుకు వెళ్లాం. హైదరాబాద్ శివారు, ఔటర్ రింగ్ రోడ్డు అవతల, మూడు వందల ఇళ్లు మావి. సెక్షన్‌లో ఉన్నాయన దరఖాస్తు మర్యాదగా చదివి, కంప్యూటర్‌లో చూసి, అంతే మర్యాదగా చెప్పాడు: "2011 లెక్కల ప్రకారం మీ దగ్గర జనాభా లేదు సార్."

ఆయన తప్పేం లేదు. 2011 ఫిబ్రవరిలో జనగణన జరిగేనాటికి అక్కడున్నది జామతోట. జామచెట్లకు కుటుంబ పెద్ద ఉండడు కాబట్టి ఫారం నింపలేదు.

మాతో వచ్చిన రిటైర్డ్ లెక్కల సారు ఊరుకోలేదు.

"మరి నేనెవర్నయ్యా?"

"మీరున్నారు సార్, కాదనట్లేదు. ఇక్కడ లేరు, అంతే."

"మరెక్కడున్నాను?"

"2011లో ఎక్కడుండేవారు?"

"నల్లగొండలో."

"అయితే అక్కడున్నారు."

"ఆ ఇల్లు అమ్మేశాను కదయ్యా!"

"అమ్మినా మీరక్కడే ఉంటారు సార్, కొత్త లెక్క వచ్చేదాకా."

సారు తన మనవణ్ని ముందుకు తోశారు. వాడికి నాలుగేళ్లు. "మరి వీడు?"

ఆయన వాడి బుగ్గ గిల్లి, "వీడు అసలే లేడు సార్" అన్నాడు. ఆ లేనివాడు టేబుల్ మీది స్టాంప్ ప్యాడ్‌లో చెయ్యి ముంచి, మా దరఖాస్తు మీద ఐదు వేళ్లూ అద్దాడు. ఉన్నాడనడానికి ఇంతకంటే ఏం కావాలన్నారు సారు. "వేలిముద్ర ఆధార్‌కు పనికొస్తుంది, జనాభాకు పనికిరాదు" అన్నాడాయన.

ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. 2011 లెక్కల ప్రకారం నాకు బీపీ లేదు, జుట్టుంది. పెట్రోలు బంకులో మాత్రం 2011 రేటుకు పొయ్యమంటే కుర్రాడు నవ్వాడు. జ్ఞానం ఇంకా అన్ని శాఖలకూ పాకినట్టు లేదు.

1881 నుంచి పదేళ్లకోసారి ఈ దేశంలో తలలు లెక్కపెట్టారు. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, 1941లో కూడా ఆపలేదు. 2021ది మాత్రం కోవిడ్ వల్ల వాయిదా పడింది, కోవిడ్ పోయాక అలవాటు వల్ల వాయిదా పడింది. చివరికి 2027 మార్చి 1 ప్రాతిపదిక అన్నారు. ఈలోగా లోక్‌సభ ఎన్నికలు ఒక్క ఏడాదీ ఆలస్యం కాలేదు. ఓటరుగా మేం ఎప్పుడూ ఉన్నాం, మనుషులుగానే లేం.

అసలు ఆ లెక్క నాటికి తెలంగాణ రాష్ట్రమే లేదు. 8.46 కోట్ల ఉమ్మడి జనాభాను విభజనప్పుడు ఆంధ్రకు 58.32, తెలంగాణకు 41.68 శాతంగా పంచుకుని, ఆ ముక్కతోనే ఇప్పటిదాకా సంసారం లాగుతున్నాం. ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చింది. పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం మందికి గింజలివ్వాలని అందులో రాశారు. ఏ జనాభాలో శాతం? 2011 జనాభాలో. దేశం మొత్తానికి 81 కోట్ల చిల్లర దగ్గర మేకు కొట్టి కూర్చున్నారు. జనం పెరిగారు, మేకు కదల్లేదు.

మైదాన ప్రాంతంలో అంగన్‌వాడీకి 400 నుంచి 800 దాకా జనాభా చూపించాలట. మా ఇళ్ల వెనక రేకుల గుడిసెల్లో పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లున్నారు. మా మేడలు కట్టింది వాళ్లే. ఊళ్లో వాళ్ల ఇంటికి తాళం, ఇక్కడి గుడిసెకు నంబరు లేదు. తల్లి ఇటుకలు మోస్తుంటే పిల్ల ఇసుక కుప్ప మీద నిద్రపోతుంది. సారు మనవడు అంగన్‌వాడీ గుడ్డు లేకపోయినా పెరుగుతాడు. ఈ పిల్ల పెరగదు. రెండేళ్ల పిల్ల చేతిలో ఒక గుడ్డు పెట్టడానికి పదిహేనేళ్ల కిందట కొట్టేసిన జామచెట్లను అడగాలా? సిగ్గనేది ఉండాలి కదా.

మేమూ తక్కువ తినలేదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అంటే బస్సుల్లో వేలాడుతూ సొంతూళ్లకు పోయి లెక్కలో పడ్డవాళ్లం. 2024లో కుటుంబ సర్వేకు వచ్చిన టీచరమ్మను అదే మేం గేటు దగ్గర గంటన్నర నిలబెట్టాం. లోపలికి రానిచ్చాక, ఫ్రిజ్ ఉందా అని ఆమె అడిగితే ఒకాయన, చేతిలో చల్లటి నీళ్ల గ్లాసు పట్టుకునే, లేదన్నాడు. ఇంట్లో ఎంతమంది అంటే అటూ ఇటూ చూసి "మీరెంత రాసుకుంటే అంత" అన్నాడు. రేపు ఆస్పత్రి లేదని ధర్నాలో ముందు కూర్చునేది ఈయనే.

మొన్న ఇంటి పన్ను నోటీసు వచ్చింది. పేరు, ఇంటి నంబరు, చదరపు అడుగులు, ఒక్క అక్షరం తప్పు లేదు. కిందటేడు మేడ మీద వేసుకున్న రేకుల షెడ్డు కూడా కలిపారు.