నాలుగు కిలోమీటర్ల దిగ్విజయ యాత్ర

ఇంటి నుంచి ఆఫీసు నాలుగు కిలోమీటర్లు. దారిలో ఆరు సిగ్నళ్లు, రెండు యూటర్నులు, తవ్వి వదిలేసిన రోడ్డు ఒకటి. ఈ దారికి మొదటి బండి ఏది కొనాలా అని ఒక మనిషి ఆలోచనలో పడి ఫోన్ తెరుస్తాడు. అందులో మంచుకొండలు, ఇసుక మేటలు, దిగిపోతున్న సూర్యుడు, ఒంటరి రైడరు. ఆ వీడియోల్లో ఎవరూ ఆఫీసుకు పోతున్నట్టు ఉండరు. ఎవరి వీపుకూ లాప్‌టాప్ బ్యాగు ఉండదు. రాత్రి ఒంటిగంటకు అతనొక నిర్ణయానికి వస్తాడు: తనకు కావలసింది ఎడారులు దాటే బండి.

ఈ నిర్ణయాన్ని వెక్కిరించేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లను మితవాదులందాం. వాళ్ల వాదనల్లో పస లేదని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మితవాది మొదట లెక్కలు తీస్తాడు. చదునైన రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోవడానికి రెండు హార్స్ పవర్ కూడా ఖర్చవదంటాడు. బయల్దేరేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకాస్త కావాలి కాబట్టి ఎనిమిదో పదో ఉన్న 110, 125 సీసీ బండి బ్రహ్మాండంగా సరిపోతుందంటాడు. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది కనుక, వంద గుర్రాలు 200 దాటాలనుకునేవాడికే తప్ప మరెవరికీ పనికిరావంటాడు. లెక్క తప్పని నేననను. కానీ సిగ్నల్ దగ్గర మిగిలిన తొంభై ఎనిమిది గుర్రాలు ఊరికే నిలబడి ఉంటాయనుకోవడం అన్యాయం. రేడియేటర్ ఫ్యాన్ తిరిగి, ఇంజిన్ వేడినంతా రైడరు మోకాళ్ల మీదికి ఊదుతుంది. అంత పెద్ద యంత్రం ఒక మనిషిని అంత దగ్గరగా పట్టించుకోవడం మరెక్కడ చూస్తాం?

తొడలు కాలుతున్నాయని సణిగేవాళ్లు చరిత్ర చదవాలి. గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాక్ కలిసి తయారుచేసిన తొలి పెట్రోలు మోటార్‌సైకిల్‌ను 1885 నవంబరులో డైమ్లర్ కొడుకు పాల్ నడిపాడు. జర్మనీలోని కాన్‌స్టాట్ నుంచి పక్కనే ఉన్న ఉంటర్‌టుర్క్‌హైమ్‌ దాకా. 264 సీసీ, అర హార్స్ పవర్, మహా అయితే గంటకు 12 కిలోమీటర్ల వేగం. ఇంజిన్‌లో పెట్రోలు అంటించే వేడి గొట్టం సరిగ్గా సీటు కిందే ఉండటంతో దారిలో సీటు అంటుకుంది. అంటే మోటార్‌సైకిల్ పుట్టిందే దగ్గరి దూరానికి, నత్తనడకకు, కింద మంటకు. ఇన్నేళ్లలో ఇంజినీర్లు సాధించిందల్లా ఆ మంటను సీటు కింది నుంచి తొడల పక్కకు జరపడం. ట్రాఫిక్ పుణ్యాన వేగం అలాగే భద్రంగా ఉంది.

మితవాదుల దగ్గర ఇంకో పాత సాక్షి ఉంది, హోండా సూపర్ కబ్. 1958లో 49 సీసీ ఇంజిన్‌తో వచ్చింది. క్లచ్ లివర్ లేదు, గేరు కాలితో మార్చుకోవడమే. 2017 నాటికి పది కోట్ల బళ్లు తయారయ్యాయి. లోకంలో ఏ మోటారు వాహనమూ అన్ని తయారు కాలేదు. ఒప్పుకుంటాను. కానీ పది కోట్ల మందికి పనికొచ్చిన బండి మీ ఒక్కరి ప్రత్యేకతను ఎలా చాటుతుంది? స్కూటర్ సంగతి అసలు ఎత్తకండి. గేర్లు లేవు, సీటు కింద చోటుంది, కాళ్ల దగ్గర కూరగాయల సంచి పడుతుంది. అన్ని సౌకర్యాల మధ్య వ్యక్తిత్వం వికసించదు.

ఇక ఎత్తూ బరువూ. దూర ప్రయాణాల బండి సీటు నేల నుంచి 850 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండటం మామూలే. షోరూంలో దాని మీద కూర్చుంటే రెండు కాళ్ల బొటనవేళ్లు నేలను తాకీ తాకనట్టు ఉంటాయి. దీన్నే కొనేవాడు ‘కాలు అందుతోంది’ అంటాడు, అమ్మేవాడు ‘మీ పర్సనాలిటీకి భలే సెట్టయింది సార్’ అంటాడు. అక్కడ నేల నున్నగా, చదునుగా ఉంటుంది. గుంట పక్కన ఆగాల్సిన సిగ్నల్‌ను ఏ షోరూంలోనూ పెట్టరు. కొత్త రైడర్లు ఎక్కువగా బండి పడేసేది వంద వేగంలో కాదు, సున్నా వేగంలో. కాస్త ఒరిగిన 110 కిలోల బండిని కాలితో ఆపొచ్చు. 210 కిలోల బండి ఒరిగితే దానికి దారివ్వడమే మర్యాద.

ఇంజిన్ ఆపి, సీటు మీద కూర్చుని, బండిని కాళ్లతో వెనక్కి నెట్టి చూడమని మితవాదులు సలహా ఇస్తారు. టెస్ట్ రైడ్ కన్నా ఈ పరీక్షే ముఖ్యమట. రోజూ పార్కింగ్‌లో రెండుసార్లు చేయాల్సిన పని అదేనట. ఎడారిలో ఎవరైనా రివర్స్ చేస్తారా?

స్పోర్ట్స్ బండి వైపు మనసు పోయినవారికి వేరే యోగం. ముందుకు వంగి కూర్చునే ఆ భంగిమలో ఒక కిటుకుంది. మంచి వేగంలో ఎదురుగాలి ఛాతీని నెడుతూ మనిషి బరువు కొంత మోస్తుంది. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంలో గాలికి ఆ బాధ్యత లేదు. బరువంతా మణికట్ల మీదే. ఆఫీసుకు చేరాక సంతకం కుదరకపోతే కంగారు పడొద్దు, మధ్యాహ్నానికి సర్దుకుంటుంది. లీటరు ఇంజిన్ బండి, అంటే 1000 సీసీది, మొదటి గేరులోనే వంద దాటుతుంది. కనుక మిగిలిన ఐదు గేర్లనూ ఆదివారాలకు దాచుకుని, పని రోజుల్లో ఆ ఒక్క గేరూ హాఫ్ క్లచ్‌తో కాలం గడపాలి. ఎడమ చెయ్యి బలపడుతుంది.

ఇప్పుడు నా బలమైన ఆధారానికి వస్తాను. ఇంజిన్ సరిగా వేడెక్కకముందే ఆగిపోయే చిన్న ప్రయాణాల్లో, పెట్రోలు కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరీ, కాలకుండా జారిన కాస్త పెట్రోలూ ఆయిల్‌లో చేరతాయి. ఎక్కువ దూరం నడిస్తే ఆ వేడికి ఎగిరిపోతాయి. నాలుగు కిలోమీటర్లకు ఆ అదృష్టం తక్కువ. ఇంజిన్ పెద్దదై ఆయిల్ ఎక్కువైతే వేడెక్కడం ఇంకా ఆలస్యం. స్టార్ట్ చేసినప్పుడు బ్యాటరీ ఇచ్చింది తిరిగి నిండేలోపే ఆఫీసు గేటు వస్తుంది. అందుకే చాలా వాహనాల మాన్యువళ్లు తరచూ చిన్న దూరాలు తిరగడాన్ని ‘కఠినమైన వాడకం’ కింద రాసి, గడువుకు ముందే ఆయిల్ మార్చమంటాయి. దుమ్ము రోడ్ల ప్రయాణమూ ఆ జాబితాలోనే ఉంటుంది. గమనించారా? ఇసుక మేటలు దాటే సాహసినీ, సిగ్నల్ దగ్గర చెమటలు కక్కే గుమస్తానూ తయారీదారులే ఒకే వరసలో కూర్చోబెట్టారు. మీరు ఇప్పటికే యాత్రలో ఉన్నారు.

చివరి ప్రయత్నంగా మితవాది ఒక నివేదిక తెస్తాడు. రోడ్డు ప్రమాదాల పరిశోధకుడు హ్యారీ హర్ట్ బృందం అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను ఆ స్థలాలకే వెళ్లి పరిశీలించి 1981లో దాన్ని ఇచ్చింది. ప్రమాదాలు ఎక్కువగా చిన్న ప్రయాణాల్లో, బయల్దేరిన చోటికి దగ్గర్లోనే జరిగాయట. సగం మందికి పైగా రైడర్లకు ఆ బండితో పరిచయం ఐదు నెలల లోపేనట. ప్రమాదానికి ముందు సగం బళ్ల వేగం గంటకు 48 కిలోమీటర్ల లోపేనట. పాతదే, వేరే దేశానిదే. అయినా మన రైడరు కొత్త బండి, చిన్న దూరం, మామూలు వేగం, మూడూ అందులో ఉన్నాయి.

దీనికి మనవాడి జవాబు సిద్ధం. బిల్లు కాస్త తగ్గించుకోవడానికి రెండు చక్రాలకూ కాక ముందు చక్రానికే ఏబీఎస్ ఉన్న మోడల్ తీసుకుని, మిగిలిన డబ్బుతో సైలెన్సర్ మారుస్తాడు. తడి రోడ్డు మీద ఒక్కసారిగా బ్రేకు తొక్కితే వెనక చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పక్కవాడికి కనబడదు, వినబడదు. సైలెన్సర్ రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది. హెల్మెట్ కూడా బండి రంగుకు నప్పిందా లేదా అని చూస్తాడు. తలకు బిగుతుగా పట్టిందా, పట్టీ పెట్టుకున్నాక వెనక నుంచి లాగితే ఊడి వస్తుందా అన్నది ఇంటికెళ్లాక చూసుకోవచ్చు.

ఇన్ని చిక్కులకు మూలం బండి కాదు, దూరం. మితవాదులు దూరాన్ని బట్టి బండి మార్చమంటారు. నేను బండిని బట్టి దూరం మార్చమంటాను. అద్దె ఇల్లైతే మరీ సులువు. ఆఫీసుకు నలభై కిలోమీటర్ల అవతల, మధ్యలో హైవే పడేలా ఇల్లు చూసుకుంటే ఆయిల్ వేడెక్కుతుంది, బ్యాటరీ నిండుతుంది, గాలి ఛాతీని మోస్తుంది, ఆరో గేరుకు ఉద్యోగం దొరుకుతుంది. అంత ప్రయాణం చేసొచ్చాక కూడా సాయంత్రం పార్కింగ్‌లోంచి బండిని వెనక్కి తీయాల్సిందే. అందుకని సెక్యూరిటీ గార్డును ఇప్పటి నుంచే పేరు పెట్టి పలకరిస్తూ ఉండండి.