కైయో మారు మాయమైపోలేదు

జపాన్‌కు దక్షిణాన ‘డ్రాగన్ ట్రయాంగిల్’ అనే శాపగ్రస్త సముద్రం ఉందట. 1952 నుంచి 1954 లోపు అక్కడ ఐదు యుద్ధనౌకలు 700 మందితో సహా మాయమయ్యాయట. సంగతేంటో తేల్చుకు రమ్మని జపాన్ ప్రభుత్వం వంద మందికి పైగా శాస్త్రవేత్తలతో కైయో మారు నంబర్ 5 అనే పరిశోధన నౌకను పంపితే, అదీ ఆనవాలు లేకుండా పోయిందట. దాంతో ఆ ప్రాంతాన్ని ప్రమాదకరమని ప్రకటించి ప్రభుత్వం చేతులెత్తేసిందట. ఏళ్ల తరబడి షేర్ అవుతున్న ఈ కథలో నిజం ఇంతే: కైయో మారు మునిగింది, అందులో వెళ్లినవాళ్లు ఒక్కరూ తిరిగి రాలేదు.

ముందు తేదీ చూడండి. కైయో మారు మునిగింది 1952 సెప్టెంబర్ 24న. 1954 దాకా మునిగిన నౌకల మిస్టరీ తేల్చడానికి అది 1952లోనే ఎలా బయల్దేరుతుంది? కథ అక్కడే విరిగిపోతుంది. పైగా జపాన్ పాత నౌకాదళాన్ని యుద్ధంలో ఓడిపోయాక 1945లోనే రద్దు చేశారు. ఇప్పటి సముద్ర ఆత్మరక్షణ దళం పుట్టిందే 1954లో. ఆ ‘యుద్ధనౌకలు’ నిజానికి చేపల పడవలని, వాటిలో కొన్ని అసలు ఆ ప్రాంతంలోనే మునగలేదని తర్వాత రికార్డులు తిరగేసినవాళ్లు తేల్చారు.

వంద మంది శాస్త్రవేత్తలన్నదీ అబద్ధమే. నౌకలో ఉన్నది మొత్తం 31 మంది: 9 మంది పరిశోధకులు, 22 మంది సిబ్బంది.

మరి వాళ్లు వెళ్లింది దేనికి? సెప్టెంబర్ 17న మ్యోజిన్ మారు అనే చేపల పడవలో ఉన్నవాళ్లు టోక్యోకు దక్షిణంగా దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో, బయోనైజ్ రాళ్ల దగ్గర, సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలుతుండటం చూసి కబురు చేశారు. ఆ పడవ పేరు మీదే దానికి మ్యోజిన్-షో అని పేరొచ్చింది. కొత్త దీవి తలెత్తడం, పేలుడుకు కూలి మళ్లీ నీళ్లలో కలిసిపోవడం, మళ్లీ తలెత్తడం, ఇదీ దాని వరస. 23న షిన్యో మారు అనే మరో నౌక ఆ పేలుళ్లను దగ్గరగా చూసి క్షేమంగా తిరిగొచ్చింది. సముద్ర భద్రతా సంస్థ (ఇప్పటి కోస్ట్ గార్డ్) సర్వే నౌక కైయో మారు మర్నాడు అక్కడికి చేరింది. అగ్నిపర్వతం నోరు నీళ్లకింద ఉన్నప్పుడు పైన కనిపించేది మామూలు సముద్రమే. లోపల శిలాద్రవం నీటిని తాకిందంటే ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై బాంబులా పేలుతుంది. పక్కనున్న నౌకకు తప్పుకునే టైమ్ కూడా దొరకదు.

‘ఆనవాలు లేకుండా’ అన్న మాట దగ్గరే నాకు ఎక్కువ కోపం వస్తుంది. ఆనవాళ్లు దొరికాయి. గాలించినవాళ్లకు నౌక శకలాలు తేలుతూ కనిపించాయి. ఆ చెక్కల్లో అగ్నిపర్వతపు రాతి ముక్కలు గుచ్చుకుని ఉన్నాయి. రాళ్లు ఎంత వేగంతో వచ్చి తగిలితే చెక్కలోకి అలా దిగబడతాయో ఆలోచించండి. ఇంకో సాక్ష్యం సముద్రం అవతల ఉంది. ఆ పేలుళ్ల చప్పుడు నీటిలో ప్రయాణించి, 8,000 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కాలిఫోర్నియా తీరపు హైడ్రోఫోన్లకు (నీటిలోని శబ్దాలను పట్టే మైకులకు) చిక్కింది. రాబర్ట్ డీట్జ్, షీహీ అనే శాస్త్రవేత్తలు ఆ రికార్డులను 1954లో ప్రచురించారు. ఇంత వివరంగా నమోదైన ప్రమాదాన్ని ‘సైన్స్‌కు అంతుచిక్కలేదు’ అనడం ఆ 31 మందికి చేసే అన్యాయం. వాళ్లను ఏ శాపమూ మింగలేదు. పేలుతున్న అగ్నిపర్వతాన్ని కొలవడానికి వెళ్లి డ్యూటీలో చనిపోయారు.

ఇక ప్రమాదకర ప్రాంతం సంగతి. సముద్రంలో అగ్నిపర్వతం పేలుతుంటే నౌకలను దూరంగా ఉండమని హెచ్చరించడం మామూలు పద్ధతి. అందులో దయ్యాల ప్రస్తావన ఉండదు. టోక్యోకు దక్షిణాన ఉన్న ఆ సముద్రంలో నౌకలు అప్పుడూ తిరిగాయి, ఇప్పుడూ తిరుగుతున్నాయి.

చేతులెత్తేశారన్నదీ తప్పే. జపాన్ సముద్రగర్భ అగ్నిపర్వతాలను కొలవడం మానలేదు, కొలిచే తీరు మార్చుకుంది. పేలే అవకాశం ఉన్నచోట సర్వే నౌక దూరంగా ఆగిపోతుంది. దగ్గరికి ‘మాంబో’ అనే బోటును పంపుతారు. అందులో మనుషులు ఉండరు.