ఆయ్... ఆ తర్వాత?

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. సరిగ్గా ఆ రోజే, రాత్రి 8 గంటలకి నాకు అమెరికా నుంచి ఇంటర్వ్యూ. మీడియా, కల్చర్, కమ్యూనికేషన్‌లో ఎంఏ సీటు కోసం. న్యూయార్క్‌లో అప్పుడు ఉదయం 9:30. తేదీ మార్చుకుందామని చూస్తే ఆ వెబ్‌సైట్ కారణం చెప్పమంది. అనారోగ్యం, ప్రయాణం, ఇతరాలు. ‘ఇతరాలు’ నొక్కితే మళ్ళీ మొదటి పేజీకి తోసేసింది. మా పెద్ద పండగ వాళ్ళకి ఇతరాల్లో కూడా పట్టలేదు!

మాది కోనసీమలో అంబాజీపేట పక్క పల్లె. ఏకాదశ రుద్రుల ప్రభలు చూడ్డానికి ఇంటిల్లిపాదీ జగ్గన్నతోట తీర్థానికి పోయారు. కాలునొప్పి పెదనాన్న, నేను, గారెలు మిగిలాం. చొక్కా, లైటు, నెట్టు గొడవంతా వదిలేస్తున్నాను.

తెర మీద ప్రొఫెసరు గారు కనబడి, “నా మాట వినిపిస్తోందా?” అని ఇంగ్లీషులో అడిగారు.

“ఆయ్” అన్నాను.

గోదావరి బయటివాళ్ళకి చెప్పాలి. ఆయ్ అంటే ఉత్త అవును కాదు. అవునుకి కండువా వేసి, చేతులు కట్టించి, రెండడుగులు వెనక్కి నిలబెడితే అది ఆయ్. ఎమ్మార్వో గారికీ ఆయే, బస్సు కండక్టరుకీ ఆయే. అప్పడిగినవాడికీ ముందు ఆయే, ఇచ్చేదీ లేనిదీ తర్వాత సంగతి.

ఆవిడకి మాత్రం అది ఇంగ్లీషు ‘ఐ’లా వినబడింది. అంటే, ‘నేను’. సరే, నేను ఏమిటి? ఆవిడ నవ్వుమొహంతో క్రియ కోసం చూస్తున్నారు. నేను తర్వాతి ప్రశ్న కోసం చూస్తున్నాను. నెట్టు ఆగిందేమో అనుకున్నా గానీ, ఆవిడ రెప్పలు కొట్టుకుంటున్నాయి.

“చెప్పండి” అన్నారు.

“ఆయ్” అన్నాను, ఇంకాస్త వంగి.

ఆవిడ కాగితం మీద ఏదో రాసుకున్నారు. “టెన్షన్ పడకండి, కాసిని మంచినీళ్ళు తాగండి.”

“ఆయ్.”

మా సీమలో ఇంతకంటే వినయమైన మాట లేదు. ఆవిడ లెక్కలో నేను, నేను, నేను అని మూడుసార్లు చెప్పుకుని, చేసిన పనేమిటో చెప్పని మనిషిని!

తర్వాత స్టువర్ట్ హాల్ అనే బ్రిటిష్ మీడియా పండితుడి 1973 నాటి ఎన్‌కోడింగ్, డీకోడింగ్ సిద్ధాంతం అడిగారు. చెప్పేవాడు ఒక అర్థం పెట్టి పంపితే, వినేవాడు దాన్ని పూర్తిగా ఒప్పుకోవచ్చు, కొంత ఒప్పుకోవచ్చు, అడ్డం తిరగొచ్చు అని గడగడా అప్పజెప్పాను. “మీ అనుభవం నుంచి ఒక ఉదాహరణ?” అన్నారు. బ్రిటిష్ టీవీ వార్తల గురించి ఏదో వాగాను. బ్రిటన్ నేనెప్పుడు చూశాను! అసలు ఉదాహరణ అప్పుడే నా నోట్లోంచి వెళ్ళిందని రాత్రి 11 గంటలకి, మంచమెక్కాక వెలిగింది.

పెదనాన్నకి చెబితే, “నీ మాట ఆవిడకి అర్థం కాకపోతే, చదువుకోవాల్సింది ఆవిడ కదరా?” అన్నాడు, గారె తుంచుతూ.

పొద్దున మెయిల్ వచ్చింది. ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష మళ్ళీ ఇవ్వాలట. ఫీజు నాదేనట. కింద ‘అంగీకరిస్తున్నారా?’ అని ఒక గడి. అందులో అవును, కాదు, రెండే ఉన్నాయి.