సిస్టరు గారికి నాయకత్వం నేర్పుతారట

వార్డుల్లో సెలైను అయిపోయినా ఎవరూ చూడకపోవడానికి కారణం నర్సులు చాలకపోవడం కాదు, ఉన్నవాళ్ళలో నాయకత్వ లక్షణాలు లేకపోవడం. ఈ సంగతి కనిపెట్టిన మహానుభావులకు ముందుగా ఓ నమస్కారం. మా గోదావరి డెల్టాలో ఒక పెద్దాసుపత్రి వారు (పేరెందుకు లెండి) మే 12న నర్సుల దినోత్సవం పేరు చెప్పి ఆ లోటు కాస్తా ఒక్క పూటలో తీర్చేశారు.

హైదరాబాద్ నుంచి ట్రైనర్ గారొచ్చారు. పాత పేపర్లు, సెల్లోటేపు చేతికిచ్చి, అయిదుగురేసి కలిసి గోపురం కట్టమన్నారు. టేపు కంటబడగానే ఓ సిస్టరు గారు చుట్ట చుట్టంతా గబుక్కున జేబులో వేసుకున్నారు. వార్డులో ప్లాస్టరు నిండుకుని వారమైందిట. నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోకుండా తిన్నగా వచ్చిన ఇంకో అమ్మాయి గోపురం మీదకే ఒరిగి నిద్రపోయింది. "చూశారా, టీమ్ మీద ఎంత నమ్మకమో!" అని ట్రైనర్ గారు చప్పట్లు కొట్టించారు. తర్వాత పని పంచడం గురించి చెబుతూ, "అన్నీ మీరే చేయకండి మేడం, మీ కింద ఉన్నవాళ్ళకి అప్పగించండి" అన్నారు.

"నా కింద ఎవరున్నారండీ?" అంది హెడ్ నర్సు. "మంచాల కింద పేషెంట్లున్నారు. వాళ్ళకి అప్పగించమంటారా?"

ట్రైనర్ గారు నవ్వి తర్వాతి స్లైడుకి వెళ్ళిపోయారు. అందులో ఫ్లారెన్స్ నైటింగేల్, చేతిలో దీపం. మన కాటన్ దొరకి వత్తాసు పలికి, ఇండియాకి కాలవలు తవ్వించండి మొర్రో అని ఇంగ్లండులో కూర్చుని పోరిన మనిషి ఆవిడ. ధవళేశ్వరం నీళ్ళు తాగేవాళ్ళకి ఆ ముక్కయినా చెప్పలేదు, పోనీండి. 1854లో ఆవిడ క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సైనికులకి సేవ చేయడానికి బయల్దేరినప్పుడు వెంట 38 మంది నర్సులు, వెనక మంత్రిగారి అండ. దీపం ఒక్కటీ పట్టుకుని పోలేదు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో బోధనాసుపత్రిలో మూడు పడకలకో నర్సుండాలి, మామూలు ఆసుపత్రిలో అయిదింటికొకరు. ఇక్కడ రాత్రయితే నలభై మందికి ఒక్కరు. రెండు గంటలకి లంకల్లోంచి పాముకాటు కేసొస్తుంది, అవతల ఆక్సిజన్ సిలిండర్ మార్చాలి, డ్యూటీ డాక్టరు ఫోనెత్తడు, బంధువులు మీదమీదకొస్తుంటారు. ఎవరి దగ్గరికి ముందు పరిగెత్తాలో, ఎవర్ని ఆగమనాలో ఆ పిల్ల ఒక్కతే తేల్చుకుంటుంది. అది నాయకత్వం కాకపోతే ఇంకేంటయ్యా? తెల్లారి ఏదైనా తేడా వస్తే మెమో ఎవరికి? ఆవిడకే. మరి స్పిరిట్ సీసా కావాలంటే? ముగ్గురి సంతకాలు కావాలి, అందులో ఒకాయన సెలవులో ఉంటాడు! ప్రాణాలు పోయేటప్పుడు నిర్ణయం ఆవిడది, దూది కొనేటప్పుడు మీదీనా? ఖాళీలు భర్తీ చేయడానికి చేతులు రావు గానీ, గోపురాలు కట్టించడానికి మాత్రం డబ్బులున్నాయి. సిగ్గుండాలి.

వచ్చే నెల టైమ్ మేనేజ్‌మెంట్ మీద క్లాసుట. మార్నింగ్ డ్యూటీ 2 గంటలకి దిగేవాళ్ళంతా సరిగ్గా 2 గంటలకే హాల్లో ఉండాలని సర్క్యులరొచ్చింది.