అక్షరం పెద్దదైతే చాలదు, ఫోను నిలకడగా ఉండాలి

పెద్దవాళ్ల కోసం ఫోను అనగానే మన మార్కెట్‌కు తోచేది ఒక్కటే: లావుపాటి బటన్లు, పెద్ద అంకెలు, పైన ఒక టార్చిలైటు. అవి అవసరమే. కానీ డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు టచ్ ఫోను ముందు తడబడటానికి చూపు మందగించడం ఒక్కటే కారణం కాదు. అంతకంటే పెద్దది భయం. ఏదో నొక్కితే ఏదో అయిపోతుందేమో, డబ్బు పోతుందేమో, మళ్లీ మొదటికి ఎలా రావాలో అన్న భయం. దాన్ని పోగొట్టాల్సిన బాధ్యత ఫోను తయారుచేసేవాళ్లది.

జపాన్‌లో ఎన్‌టీటీ డొకొమో సంస్థ 1999లోనే ‘రాకురాకు ఫోన్’ పేరుతో పెద్దల కోసం ఒక వరుస మొదలుపెట్టింది. తర్వాతి కాలంలో వాటిని ఫుజిట్సు తయారుచేసింది. దగ్గరివాళ్ల నంబర్లకు 1, 2, 3 అని మూడు విడి బటన్లు ఇచ్చారు. అవతలివాళ్లు గబగబా మాట్లాడితే ఆ మాటను నెమ్మదిగా వినిపించే ఏర్పాటు చేశారు. 2012లో ఆ వరుసలో స్మార్ట్‌ఫోను వచ్చినప్పుడు ఇంజినీర్లు చేసిన పని మాత్రం నాకు అన్నిటికంటే గొప్పదనిపిస్తుంది. తెర మీద వేలు ఊరికే తగిలితే ఆ గుర్తు రంగు మారుతుంది, అంతే. గట్టిగా నొక్కితేనే పని జరుగుతుంది, జరిగినట్టు వేలికి చిన్న అదురు తెలుస్తుంది. తగలడం వేరు, నొక్కడం వేరు అని ఆ ఫోనుకు తెలుసు. మన చేతుల్లో ఉన్న ఫోన్లలో చాలావాటికి ఇప్పటికీ తెలియదు.

వయసుతో శరీరంలో వచ్చే మార్పులు కొత్త విషయాలేమీ కావు. కంటి కటకం పసుపుబారుతుంది, లోపలికి వెళ్లే వెలుతురు తగ్గుతుంది. తెల్లని తెర మీద లేత బూడిద రంగులో రాసిన అక్షరం ఎంత పెద్దదైనా వాళ్లకు ఆనదు. చెవికి ముందుగా దూరమయ్యేది కీచుమనే శబ్దం. సన్నని రింగుటోను పక్క గదిలోని మనవడికి వినిపిస్తుంది, ఫోను పక్కనే కూర్చున్న తాతకు వినిపించదు. వేలికొనలు పొడిబారితే టచ్ తెర ఆ స్పర్శను సరిగ్గా పట్టుకోదు. ఇంట్లోవాళ్లేమో ‘సరిగ్గా నొక్కు’ అని విసుక్కుంటారు. తప్పు ఆ వేలిది కాదు.

తెలుగువాళ్లకు మరో చిక్కు ఉంది. మన లిపికి పైన తలకట్టు, గుడి, కింద వత్తులు కావాలి. ఇంగ్లిష్ అక్షరం కంటే నిలువు జాగా ఎక్కువ పడుతుంది. ఇంగ్లిష్ కొలతలతో గీసిన బటన్‌లో తెలుగు పెట్టి, ఆపైన అక్షరం సైజు పెంచితే వత్తు తెగిపోతుంది, మాట సగంలో ఆగిపోతుంది. చూపు ఆనక సైజు పెంచుకున్న మనిషికే చదవడం మరింత కష్టమవుతుంది.

ఇక అప్‌డేట్ల సంగతి. ఒక పెద్దావిడ నానా తంటాలు పడి కొడుకుకు వీడియో కాల్ చేయడం నేర్చుకుంటుంది. ఆమె నేర్చుకున్నది ఆ గుర్తు ఎక్కడుందో, ఏ రంగులో ఉందో. ఒక రాత్రి అప్‌డేట్ వచ్చి గుర్తు మారుతుంది, చోటు మారుతుంది, ఆమె నేర్చుకున్నదంతా నీటిపాలవుతుంది. రాత్రికి రాత్రి వంటింట్లో డబ్బాలన్నీ తారుమారు చేస్తే ఎవరైనా ఊరుకుంటారా? భద్రత కోసం లోపల ఏం మార్చినా మార్చండి, ఆమె అనుమతి లేకుండా తెర మీది అమరికను మాత్రం కదిలించవద్దు.

ఆపిల్ 2023లో ఐఫోన్లను నడిపే ఐఓఎస్ 17 సాఫ్ట్‌వేర్‌తో ‘అసిస్టివ్ యాక్సెస్’ తెచ్చింది. కొన్నే యాప్‌లు, పెద్ద గుర్తులు, ఎప్పుడూ కనిపించే వెనక్కి బటన్. మేధోపరమైన ఇబ్బందులున్నవారిని దృష్టిలో పెట్టుకుని చేసినా పెద్దలకూ పనికొస్తుంది. శాంసంగ్ ఫోన్లలో ‘ఈజీ మోడ్’ ఉంది. అయితే ఇవన్నీ సెట్టింగ్స్ లోతుల్లో ఉంటాయి. వాటిని వెతికి పెట్టాల్సిన కొడుకో కూతురో హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. ఫోను మొదటిసారి తెరిచినప్పుడు భాష అడిగినట్టే ఇదీ అడగవచ్చు కదా!

డబ్బు దగ్గర ఈ లోపాల మూల్యం ఎక్కువ. బటన్ల ఫోన్ల నుంచీ డబ్బు పంపేందుకు రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ‘యూపీఐ 123పే’ను ప్రారంభించింది, మంచి పని. కానీ స్మార్ట్‌ఫోనులో కళ్లజోడు వెతుక్కునేలోపే ఓటీపీ గడువు తీరిపోతుంది. ‘డిజిటల్ అరెస్టు’ అంటూ బెదిరించి గంటల తరబడి కాల్‌లో ఉంచే మోసగాళ్లకు మాత్రం క్షణాల్లో డబ్బు పంపే సౌకర్యం దొరుకుతుంది. నా అభిప్రాయంలో పెద్దలకు వేగం తగ్గాల్సింది ఇక్కడే. కొత్త ఖాతాకు పెద్ద మొత్తం పంపబోతే కొన్ని గంటలు ఆగే ఏర్పాటును వాళ్లు కోరుకునే వీలుండాలి. సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే నంబరు 1930 ఆ తెర మీదే పెద్ద అక్షరాల్లో కనిపించాలి.

కంపెనీలు తమంతట తామే ఇవన్నీ చేస్తాయని నేను నమ్మను. చేయించిన అనుభవం మన దేశానికి ఉంది. దేశంలో అమ్మే ప్రతి ఫోనులో ఆపద బటన్ ఉండాలని 2017 జనవరి నుంచి నిబంధన పెట్టారు. బటన్ల ఫోనులో 5 లేదా 9 అంకెను ఒత్తిపట్టుకుంటే చాలు. రాజ్యాంగం గుర్తించిన ఇరవై రెండు భాషల్లోనూ సందేశాలు చదవగలిగేలా ఫోన్లు ఉండాలన్న నియమమూ ఆ రోజుల్లోనే వచ్చింది. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్లకు పైగా ఉన్నారు. తెర అమరిక అనుమతి లేకుండా మారకూడదని, ప్రతి తెర మీదా వెనక్కి బటన్ ఉండాలని, తెలుగు అక్షరం ఎంత పెంచినా వత్తు తెగకూడదని అదే తరహాలో కేంద్రం నిబంధన రాయాలి. అమ్మకానికి ముందు ప్రతి ఫోనునూ డెబ్బై దాటినవాళ్ల చేతికిచ్చి, పక్కన ఎవరూ సాయం చేయకుండా పరీక్షించాలి.