వెండి చెంచాతో పుట్టగొడుగుల పరీక్షా?

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. మారతహళ్లి మిద్దెతోట గ్రూపులో ఒకరు పెట్టారు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకొకరు, చివరికి మా పిన్ని కూడా. "బెంగళూరు వానలకు కుండీల్లో ఫంగస్! వెంటనే చదవండి" అని. చదివాను పిన్నీ.

పుట్టగొడుగు మొలిస్తే మట్టి విషమైనట్టేనట, మొత్తం పారబోయాలట. అక్కర్లేదు. అది కంపోస్టులో మిగిలిన చెక్కముక్కలూ ఎండాకులూ తిని బతుకుతోంది. మొక్క జోలికి రాదు.

ఫంగస్ అంటేనే శత్రువట, నెలనెలా ఫంగస్‌ను చంపే బావిస్టిన్ మందు పోయాలట. ఇదే గ్రూపులో అందరూ కలిసి వేళ్లను తెగుళ్ల నుంచి కాపాడే ట్రైకోడెర్మా తెప్పించుకున్నారు కదా, అదేమనుకున్నారు, విటమినా? అదీ ఫంగసే. ఆదివారం దాన్ని పోసి, సోమవారం బావిస్టిన్‌తో చంపుకుంటారన్నమాట. టమాటా, మిరప వేళ్లకు భాస్వరం అందించే మైకోరైజా అనే ఫంగస్ కూడా పోతుంది. (ముల్లంగి, క్యాబేజీలకు దానితో పని లేదు.) పైగా బావిస్టిన్ మొక్క లోపలికంటా పాకే మందు. ఆ టమాటాలు తినేది మనమే.

కుండీలకు ఎండ తగిలేలా చూడాలట. జులైలో బెంగళూరులో ఎండ ఎక్కడ అమ్ముతారో కూడా రాయాల్సింది.

దాల్చినచెక్క పొడి చల్లమన్నారు. నవ్వబోయి ఆగాను. అందులోని సిన్నమాల్డిహైడ్ నిజంగానే బూజును అడ్డుకుంటుంది. ఇది ఒప్పుకుంటాను.

అసలు ప్రమాదం చివరి లైనులో ఉంది: "వండేటప్పుడు వెండి చెంచా వేయండి, నల్లబడకపోతే తినొచ్చు." ఎవరండీ ఇది రాసింది? వెండి గంధకానికి నల్లబడుతుంది. ఉడికిన గుడ్డుకీ నల్లబడుతుంది, మరి గుడ్డు విషమా? మనిషి కాలేయాన్ని తినేసే కొన్ని అమానిటా పుట్టగొడుగుల విషానికి చెంచా తళతళా మెరుస్తూనే ఉంటుంది. ఉడికించినా ఆ విషం పోదు. తిన్నాక ఆరేడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది, ఈలోగా లోపల కాలేయం పాడవుతుంటుంది. వానలకు లాన్‌లో లేచే పెద్ద తెల్ల గొడుగు క్లోరోఫిల్లం ప్రాణం తీయడం అరుదే కానీ, ఆసుపత్రికి మాత్రం పంపిస్తుంది. కుండీల్లో వచ్చే పసుపు రంగుదీ తినేది కాదు.

"మా ఊళ్లో తొలకరికి ఏరుకుని తినేవాళ్లం" అంటారు. నిజమే. అవి చెదపుట్టల మీద వచ్చేవి, ఏ పుట్ట మీద ఏది వస్తుందో అమ్మమ్మలకు తెలుసు. అపార్ట్‌మెంట్ లాన్‌లో పుట్ట ఎక్కడుంది, అమ్మమ్మ ఎక్కడుంది?

ఇప్పటికే ఎవరైనా తిని ఉంటే వాంతులయ్యేదాకా ఆగకండి. మిగిలిన ముక్క కవర్లో వేసుకుని ఆసుపత్రికి వెళ్లండి. చెంచా ఇంట్లోనే ఉంచండి.