ఏ మద్యం నిబంధనను సడలించాలి?

కరోనా కాలంలో చితికిపోయిన బార్లను, రెస్టారెంట్లను ఆదుకోవడానికి ప్రభుత్వాలు ఎంచుకున్న మార్గాలలో ఖజానాకు తక్కువ ఖర్చయిన వాటిలో మద్యం నిబంధనల సడలింపు ఒకటి. నాటి అత్యవసర ఏర్పాట్లలో కొన్ని రద్దయ్యాయి, మరికొన్ని శాశ్వత చట్టాలుగా మారాయి. వ్యాపారం మందగించినప్పుడల్లా ఇదే కోరిక మళ్లీ ముందుకొస్తోంది. అయితే ఫీజులు, వేళలు, పార్సిల్ అమ్మకాలు, కొత్త లైసెన్సులు అన్నింటినీ ఒకే గాటన కట్టి అనుకూలమో వ్యతిరేకమో తేల్చాలనుకోవడం వల్ల చర్చ పక్కదారి పడుతోంది.

రెస్టారెంటులో వంటమీద మిగిలేది స్వల్పం. సరుకు త్వరగా పాడవుతుంది, పనివారు ఎక్కువమంది కావాలి. మద్యం నిల్వ ఉంటుంది, వడ్డించడానికి శ్రమ తక్కువ, మిగులు ఎక్కువ. అందుకే అద్దెలో, జీతాలలో పెద్ద వాటాను చాలాచోట్ల బార్ కౌంటరే మోస్తుంది. గిరాకీ పడిపోయినప్పుడు యజమానిని కుంగదీసేది అమ్మకం తగ్గడం ఒక్కటే కాదు, అమ్మకంతో నిమిత్తం లేకుండా కట్టవలసిన స్థిర ఖర్చులు కూడా. కాబట్టి ఆ ఖర్చులను తగ్గించే సడలింపులకే తొలి స్థానం ఇవ్వాలని నా అభిప్రాయం.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో టోకు పంపిణీ ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంటుంది. అక్కడి బార్లు, రెస్టారెంట్లు చాలాకాలం మద్యాన్ని చిల్లర ధరకే కొనుక్కోవలసి వచ్చేది. 2020 జూలైలో వాటికి తాత్కాలికంగా టోకు ధర వర్తింపజేసి, 2021లో దానిని శాశ్వతం చేశారు. ఈ మార్పుతో ఒక్క గంట అదనంగా తెరవకుండానే, ఒక్క గ్లాసు ఎక్కువ అమ్మకుండానే యజమానికి ఊరట లభిస్తుంది. ఇంగ్లండు 2020 చట్టం కాలిబాటలపై బల్లలు వేసుకునే అనుమతిని సులభతరం చేసి, ఫీజు 100 పౌండ్లు దాటకుండా పరిమితి పెట్టింది. 2023 చట్టం ఆ ఏర్పాటును కొనసాగించింది కానీ ఫీజు పరిమితిని పెంచింది. నడిచేవారికీ చక్రాల కుర్చీలకూ దారి మిగలాలన్న షరతును గట్టిగా అమలు చేస్తే ఇందులో పెద్దగా తప్పుపట్టవలసింది లేదు.

పార్సిల్ అమ్మకాల సంగతి కొంత చిక్కైనది. న్యూయార్క్ రాష్ట్రం 2020 మార్చిలో వీటిని అనుమతించింది, 2021 జూన్‌లో హఠాత్తుగా నిలిపివేసింది, 2022లో ఆహారంతో కలిపి మాత్రమే అమ్మాలని, నిండు సీసాలు అమ్మరాదని షరతులు పెట్టి తిరిగి తెచ్చింది. అక్కడ అడ్డుపడిన వారిలో మద్యం దుకాణదారులు ముఖ్యులు. ఒక వ్యాపారికి ఇచ్చిన వెసులుబాటు మరొకరి గిరాకీకి గండి కొట్టవచ్చు. ఆరోగ్యం పేరిట వినిపించే అభ్యంతరాలు కొన్నింటి వెనుక ఈ లెక్క కూడా ఉంటుంది.

లైసెన్సుల సంఖ్యపై పరిమితి ఉన్నచోట ఈ పోటీ మరింత స్పష్టం. న్యూజెర్సీలో స్థూలంగా 3,000 జనాభాకు ఒక్క బార్ లైసెన్సు చొప్పున పరిమితి ఉండటంతో, కొన్ని పట్టణాలలో ఒక్కో లైసెన్సు లక్షల డాలర్లకు చేతులు మారుతోంది. చిన్న రెస్టారెంటు అంత పెట్టలేదు. అప్పుచేసి కొన్న పాత యజమాని, తన ఆస్తి విలువ పడిపోతుందని, పరిమితి ఎత్తివేతను ఒప్పుకోడు. 2024 జనవరిలో తెచ్చిన చట్టం మధ్యేమార్గంగా, వాడకుండా పడి ఉన్న లైసెన్సులను మళ్లీ చలామణిలోకి తెచ్చే వీలు కల్పించింది.

వేళల పొడిగింపు దగ్గర మాత్రం నేను ఆగుతాను. నార్వేలో 18 నగరాలపై జరిగిన పరిశీలనలో మూసివేత వేళను గంట పొడిగిస్తే దాడులు దాదాపు 16 శాతం పెరిగినట్టు తేలింది. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో 2008లో వేళలు కుదించాక రాత్రిపూట దాడులు మూడోవంతుకు పైగా తగ్గాయి. సిడ్నీ 2014లో ఇలాంటి ఆంక్షలే పెట్టి, రాత్రి వ్యాపారం దెబ్బతిన్నదన్న నిరసనల నడుమ 2020లో నగర కేంద్రంలో చాలావరకు ఎత్తివేసింది. అంటే రెండు వైపులా నష్టం నిజమే, కానీ ఆ నష్టాలను భరించేవారు వేరు: అదనపు గంట రాబడి బారుకు చేరుతుంది, పోలీసు గస్తీ, ఆసుపత్రి అత్యవసర విభాగం ఖర్చు ప్రజలమీద పడుతుంది. వేళలు పెంచక తప్పదనుకుంటే ఒకటి రెండు ప్రాంతాలలో నిర్ణీత గడువుకు అనుమతించి, ఆ కాలపు దాడుల, ప్రమాదాల లెక్కలు బయటపెట్టాకే పునరుద్ధరణపై నిర్ణయం తీసుకోవాలి. ఫీజు తగ్గింపునకు, టోకు ధరకు అంత నిరీక్షణ అక్కరలేదు.